పేగు గోడ కథ: మరిడమ్మ నుండి గ్రహణి దాకా

శ్రీకాకుళం చుట్టుపక్కల పల్లెల్లో మరిడమ్మ పేరు వినని వారుండరు. ఆ తల్లికి గుడులున్నాయి, పండుగలున్నాయి. మరిడయ్య, మరిడమ్మ అని మనుషుల పేర్లూ ఉన్నాయి. నా చిన్నతనంలో మా బడిలోనే ఇద్దరు మరిడయ్యలుండేవారు. ‘మరిడి’ అంటే వాంతిభేది అనీ, కలరా ఊరి మీదికి రాకుండా కాపాడమని జనం మొక్కుకొన్న దేవత ఆవిడేననీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక రోగం మనుషుల పేర్లలోకి ఎక్కిందంటే అది ఆ సీమను ఎంతకాలం పీడించి ఉండాలో ఊహించుకోవచ్చు.

ఆ రోగం తాలూకు జ్ఞాపకం ఒకటి మా ఇంట్లోనూ ఉంది. మా నాయనమ్మ తొలిచూలు బిడ్డ, అంటే నాకు పెదనాన్న కావలసినవాడు, రెండో ఏడు నిండకుండానే వాంతిభేదితో పోయాడు. స్వాతంత్ర్యానికి ముందు సంగతి. మాది వంశధార ఒడ్డున ఊరు. వైద్యుడు రావాలంటే ఏరు దాటి రావాలి. సాయంత్రం మొదలైన విరేచనాలు తెల్లవారేసరికి బిడ్డను తీసుకుపోయాయి. ఆ రాత్రంతా వాడు నీళ్ళకోసం ఏడ్చాడట. పెద్దలు ఇవ్వనివ్వలేదట. పేగులు కడుక్కుపోతున్నాయి, ఇప్పుడు నీళ్ళు పోస్తే మిగిలినదీ పోతుందన్నారట. ఆ తర్వాత ఇంట్లో ఏ పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడ్డా నాయనమ్మ మంచం పక్కన చెంబుతో నీళ్ళు పెట్టుకొని కూర్చునేది.

నేను కాలేజీలో చదివే రోజుల్లో, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళ మహిమ గురించి ఇంట్లో ఏదో చెబుతుంటే ఆవిడ వింది. చాలాసేపటికి అడిగింది: “ఆ గుంటడికి నీళ్ళిత్తే బతికీవోడేట్రా?” నేను ‘ఏమో’ అని తప్పించుకున్నాను. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే తేలిన సంగతులే ఈ టపా.

ఆవిడ అడిగిన ఒక ప్రశ్నలో నిజానికి రెండున్నాయి. వాంతిభేదిలో పేగులు నిజంగా కడుక్కుపోతాయా? పోతే, మళ్ళీ వస్తాయా?

* * *

మొదట మన దారి సంగతి. బెంగాలు నుండి మద్రాసుకు కాలినడకన పోయే సైన్యమైనా, దక్షిణాది నుండి పూరీ జగన్నాథుని రథయాత్రకు పోయే యాత్రికులైనా, సముద్రాన్నీ కొండలనూ చెరో పక్కన పెట్టుకొని ఈ సన్నని నేల మీదుగానే నడవాలి. గంజాం, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం ఆ దారిమీది మజిలీలు. ఇంగ్లీషువారి నోట చికాకోల్ అయిన శ్రీకాకుళం 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలోదే. మన శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న.

1781లో హైదరాలీతో పోరాడుతున్న సర్ ఐర్ కూట్‌కు సాయంగా కర్నల్ పియర్స్ అనే అధికారి సుమారు 5,000 మంది బెంగాలు సిపాయిలతో ఆ దారిన బయలుదేరాడు. మార్చి 22న, గంజాం దగ్గర, ఆ దండు మీద రోగం విరుచుకుపడింది. అంతవరకూ నిక్షేపంగా నడిచినవారు పదుల సంఖ్యలో కూలిపోయారు. చచ్చిపోయినవారు పోగా ఆ ఒక్కరోజే 500 మందికి పైగా ఆసుపత్రి గుడారాల్లో చేరారు. తరువాతి కాలంలో మద్రాసు వైద్యాధికారులు కలరా చరిత్ర రాసినపుడు ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నారు. 1817లో బెంగాలులో చెలరేగి ప్రపంచమంతా పాకిన మహమ్మారికి అది 36 ఏళ్ళు ముందు. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో వివిధ దేశాల వైద్యులు సమావేశమైనపుడు తీర్థయాత్రలను కలరా వ్యాప్తికి ముఖ్యకారణాలలో ఒకటిగా లెక్కించారు. అటువంటి యాత్రల దారి మా ఊళ్ళ మీదుగానే పోతోంది. మరిడమ్మ గుడులకు ఆశ్చర్యం ఏముంది?

రోగి నుండి పోయేది మలంలాగా ఉండదు. బియ్యం కడిగిన నీళ్ళలాగా, తెల్లని పొరలు తేలుతూ ఉంటుంది. చూసినవారికి పేగు లోపలి పొరే చిరిగి కొట్టుకుపోతోందని తోచడం సహజం. మా ఊరి పెద్దలకే కాదు, యూరపులో శవపరీక్ష చేసిన పండితులకూ అలాగే తోచింది. చనిపోయినవారి పేగులు కోసి చూస్తే లోపలి పొర ఊడిపోయి కనబడేది. కనుక కలరా అంటే పేగు పొర ఊడిపోవడం అనే అభిప్రాయం 20వ శతాబ్దం నడిమి దాకా పాఠ్యపుస్తకాలలో నిలిచింది. ఊడిన గోడ మీద నీళ్ళెందుకు పోయడం? 19వ శతాబ్దపు దొర వైద్యులలో చాలామంది రోగికి నెత్తురు తీశారు, పాదరసపు మందులిచ్చారు, నీళ్ళు మాత్రం వద్దన్నారు. మన దగ్గర ‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత ఉండనే ఉంది. ఆయుర్వేదంలో లంఘనం కొన్ని స్థితులకు చెప్పిన చికిత్స. పథ్యానికి మండం, పేయ, విలేపి అని గంజిలోనే తరగతులు చెప్పిన శాస్త్రం అది. సామెతగా మారేసరికి ఆ తరగతులన్నీ పోయి, ఉపవాసం ఒక్కటే మిగిలింది.

ఈ చీకటిలో ఒక మెరుపు 1832లో మెరిసింది. ఓషానెస్సీ అనే కుర్ర వైద్యుడు కలరా రోగుల నెత్తురు పరీక్షించి, అందులో నీరూ లవణాలూ తరిగిపోయాయని తేల్చాడు. అది చదివి స్కాట్లండులో థామస్ లాటా ఉప్పునీటిని నరంలోకి ఎక్కించి కొందరిని బ్రతికించాడు. కానీ ఆ పద్ధతి నిలదొక్కుకోలేదు. ఓషానెస్సీ కలకత్తాకు వచ్చి, చివరికి మన దేశానికి టెలిగ్రాఫు తీగలు వేయించిన వాడిగా పేరు పొందాడు. కలరా రోగి మాత్రం ఇంకో శతాబ్దానికి పైగా నోరెండి చస్తూనే ఉన్నాడు.

* * *

ఇంతకీ ఈ గోడ ఎటువంటిది?

పేగు లోపలి పొర ఒకే ఒక్క వరుస కణాలతో కట్టినది. ఇటువైపు మనం తిన్నదీ, దానితోపాటు లెక్కకందని సూక్ష్మజీవులూ, అటువైపు నెత్తురు. నడుమ ఒక్క కణపు మందం. చిన్నపేగులో ఈ పొర చదునుగా ఉండక, తివాచీ మీది నూలుపోగుల్లా వేలకు వేలు చూషకాలుగా లేచి ఉంటుంది. విప్పి పరిస్తే టెన్నిస్ మైదానమంత అవుతుందని పుస్తకాలలో చదువుకున్నాం. 2014లో స్వీడన్ శాస్త్రజ్ఞులు మళ్ళీ కొలిచి, జీర్ణనాళమంతా కలిపినా సుమారు 32 చదరపు మీటర్లే అన్నారు. ఓ మోస్తరు ఇంటి హాలంత.

గోడకు ఇటుకలెంత ముఖ్యమో సున్నమూ అంతే ముఖ్యం. కణానికీ కణానికీ మధ్య సందు లేకుండా కుట్టివేసే గట్టి కూడళ్ళను 1963లో ఫార్క్వర్, పలేడ్ అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో స్పష్టంగా చూపించారు. ఈ కుట్లు బిగుసుకోగలవు, సడలగలవు. గోడకు ఇటువైపు జిగురుపూత. పెద్దపేగులో అది రెండు పొరలు, లోపలి పొరలోకి సూక్ష్మజీవులు దాదాపు చొరబడవు. ఆ జిగురులో శరీరం పంపిన రక్షక ప్రోటీనులు కాపలా ఉంటాయి. గోడకు అటువైపు రోగనిరోధక కణాల పటాలం.

అన్నింటికంటె అబ్బురమైనది మరమ్మత్తు. చూషకాల మొదళ్ళలో చిన్న గుంటలున్నాయి. వాటి అడుగున ఉండే మూలకణాలు నిరంతరం విభజన పొందుతుంటాయి. పుట్టిన కొత్త కణం మెట్టు మెట్టుగా పైకి జరుగుతూ, నాలుగైదు రోజుల్లో చూషకం కొనకు చేరి రాలిపోతుంది. అంటే పోయిన వారం మనకున్న పేగు పొర ఈ వారం లేదు! ఎక్కడైనా గీరుకుపోతే పక్కనున్న కణాలు చదునుగా సాగి, ఆ ఖాళీ మీదికి పాకి కప్పేస్తాయి. ఆ పని నిమిషాల్లో మొదలై గంటల్లో ముగుస్తుంది. ఆ తర్వాత గుంటల నుండి కొత్త కణాలు వచ్చి అసలు గోడ కడతాయి. ఒంట్లో ఇంత వేగంగా తనను తాను కట్టుకొనే భాగాలు బహు తక్కువ. అయితే కట్టడానికి సరుకు కావాలి. ఆ సరుకులో కొంత నెత్తురు నుండి వస్తే, కొంత ఎదురుగా పేగులో ఉన్న ఆహారం నుండే నేరుగా అందుతుంది. ఖాళీ పేగులో చూషకాలు కుంచించుకుపోతాయి.

* * *

ఇప్పుడు నాయనమ్మ మొదటి ప్రశ్నకు రావచ్చు. బ్రతికున్న రోగి పేగులోని పొరను చిన్న ముక్క తీసి చూసే గొట్టపు పరికరం ఒకటి 1957లో తయారయింది. రోగి దానిని మింగాలి. గంగరోసా అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు బాంకాక్‌లో కలరా రోగులకు దానిని వాడి, 1960లో ఫలితం ప్రకటించారు. పొర ఊడిపోలేదు. కణాల వరుస చెక్కుచెదరకుండా ఉంది. శవాలలో కనబడిన ఊడుడు చావు తరువాత జరిగినదే. నూరేళ్ళ పైబడిన నమ్మకం అంతటితో సరి!

మరి నీళ్ళెలా పోతున్నాయి? అంతకు ముందటేడే, 1959లో, కలకత్తాలో శంభునాథ్ దే దానికి జవాబు చెప్పాడు. కలరా క్రిమి లేకుండా, అది స్రవించిన విషాన్ని మాత్రమే కుందేలు పేగులో పెట్టినా ఆ పేగు నీటితో ఉబ్బింది. క్రిమి గోడను కూల్చడం లేదు. కణాలలోని తూములు తెరిచి వదిలేస్తోంది. ఉప్పు అటునుంచి ఇటు కారుతుంది, ఉప్పు వెంట నీరు. తెల్లగా తేలేవి ముఖ్యంగా జిగురు తునకలు.

గోడ నిలిచే ఉంటే, ఇటునుంచి అటు నీరు పీల్చే తలుపులూ పని చేస్తుండాలి కదా? 1960లోనే రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రాగ్ నగరంలో ఒక ఊహను బయటపెట్టాడు: పేగులో చక్కెరా, ఉప్పులోని సోడియమూ జంటగా ఒకే తలుపులోంచి లోపలికి పోతాయని. ఆ తలుపు కలరా విషానికి లొంగదు. ఆ జంట వెంట నీరు లోపలికి పోతుంది. ఉత్త నీళ్ళు అంతగా ఇంకవు. ఉత్త ఉప్పునీరూ ఇంకదు. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకొంటుంది. నిజానికి 1953లోనే కలకత్తాలో హేమేంద్రనాథ్ చటర్జీ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీటిని 186 మంది కలరా రోగులకు నోటి ద్వారా ఇచ్చి ఆ సంగతి లాన్సెట్ పత్రికలో రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఢాకాలో 1968లో నలిన్, క్యాష్ మళ్ళీ నిరూపించారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బన్‌గావ్ శిబిరంలో కలరాతో రాలిపోతుంటే, నరానికెక్కించే సీసాలు నిండుకున్న వేళ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజు పొట్లాలు కట్టించి, నీటిలో కలిపి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. అటువంటి శిబిరాలలో సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు ఆయన దగ్గర 3.6 శాతానికి పడ్డాయి.

1982లో ఢాకా వైద్యులు ఇంకో అడుగు వేసి, గ్లూకోజు బదులు బియ్యప్పిండి ఉడికించి ఉప్పుతో ఇచ్చి చూశారు. బాగా పని చేసింది. బియ్యంలోని పిండిపదార్థం పేగులో నెమ్మదిగా చక్కెరగా విడిపోతుంది. బియ్యప్పిండి, ఉప్పు, నీళ్ళు. అంటే గంజి!

* * *

మన భాష పేగు రోగాలను ఎంత చక్కగా వేరు చేసిందో చూడండి: వాంతిభేది, జిగట విరేచనాలు, గ్రహణి. మొదటి దానిలో గోడ నిలిచి ఉండి తూములు తెరుచుకొంటాయి. రెండోదానిలో గోడ నిజంగానే పగులుతుంది. షిగెల్లా వంటి క్రిములు కణాలలోకే చొరబడతాయి. వాటిని తరమడానికి రక్షక కణాలు గుంపుగా వస్తాయి. ఆ పోరులో అవి విడుదల చేసే రసాయనాలు కుట్లను సడలిస్తాయి, పుండ్లు పడతాయి, నెత్తురూ జిగటా పోతాయి. వాపు అంటే ఇదే. అది లేకపోతే క్రిమి లోపలికి పోతుంది. అదుపు తప్పితే గోడనే తినేస్తుంది. అయినా యుద్ధం ముగియగానే గుంటల నుండి కొత్త కణాలు మళ్ళీ వస్తాయి.

మూడోది గ్రహణి. తిన్న అన్నాన్ని పచనమయ్యేదాకా పట్టి ఉంచేది గనుక పేగులోని ఆ భాగానికి చరకుడు గ్రహణి అని పేరు పెట్టాడు. పట్టు తప్పితే అదే రోగం పేరు. దానికి మజ్జిగను గొప్ప పథ్యంగా చెప్పాడు. ఇంగ్లీషు వైద్యులు స్ప్రూ అన్న రోగం దీనికి దగ్గరిది. ఇందులో చూషకాలు అరిగి మొండివైపోతాయి. తిన్నది ఒంటికి పట్టదు, మనిషి నెలల తరబడి కరిగిపోతాడు.

ఈ రోగానికీ ఒక తెలుగువాడికీ ఉన్న ముడి తలచుకొంటే ఒళ్ళు జలదరిస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయనకూ అదే రోగం వస్తే మద్రాసులో ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి బాగుచేశారు. 1922లో ఆయన అమెరికా వెళ్ళారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నడిపిన ఆ పరిశోధక బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. కొత్త కణం పుట్టాలంటే డీఎన్‌ఏ కావాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. స్ప్రూలో విషవలయం ఇదే: గోడ అరిగితే ఫోలిక్ ఆమ్లం ఒంటికి పట్టదు, అది లేక కొత్త గోడ పుట్టదు. బయటి నుండి ఆ ఒక్క సరుకు అందిస్తే వలయం తెగుతుంది. టామ్ స్పైస్ అనే వైద్యుడు వెంటనే స్ప్రూ రోగులకు ఇచ్చి గుణం చూపించాడు. సుబ్బారావు పరిశోధనకు సారథ్యం వహిస్తున్నపుడే లెడర్లీలో డగ్గర్ ఆరియోమైసిన్ కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ మందులలో అదే మొదటిది. ఉష్ణదేశపు స్ప్రూకు నేటికీ ముఖ్యమైన చికిత్స ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్, కొన్ని నెలల పాటు.

ఆ బృందమే ఫోలిక్ ఆమ్లానికి ఎదురు నిలిచే మందులూ చేసింది. లుకేమియా పిల్లలకు సిడ్నీ ఫార్బర్ వాడినవి అవే; మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. ఆ మందు ఎక్కువ మోతాదులో పడితే రోగికి నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఎందుకో ఇప్పుడు చెప్పనక్కరలేదు: కొత్త కణాలు ఆగిపోతే గోడ నాలుగు రోజులు కూడా నిలవదు. అదే మందు తక్కువ మోతాదులో పేగువాపును అణచివేస్తుందని 1995లో క్రోన్స్ వ్యాధిగ్రస్తులలో రుజువయింది. సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, అమెరికాలో కన్నుమూశారు. సోదరులను మింగిన రోగానికి మందు మాత్రం చూసి వెళ్ళారు.

* * *

ఇక నాయనమ్మకు చెప్పవలసిన జవాబు.

పేగులు కడుక్కుపోలేదు నాయనమ్మా. ఆ రాత్రి వాడి పేగు గోడ నిక్షేపంగా ఉంది. ఉత్త నీళ్ళిస్తే బతికేవాడా అంటే గట్టిగా చెప్పలేను. కానీ పలచని గంజిలో చిటికెడు ఉప్పు వేసి, చెంచాతో కాస్త కాస్తగా, వాంతి చేసుకున్నా కాసేపాగి మళ్ళీ, తెల్లవారేదాకా పోసి ఉంటే, బతికే అవకాశం చాలా ఉండేది. ఆ సంగతి అప్పటికి కలకత్తా వైద్యులకూ, లండను వైద్యులకూ తెలియదు. కనుక తప్పు నీది కాదు, ఆ పెద్దలదీ కాదు.

ఇది ఆవిడ బ్రతికుండగా చెప్పలేకపోయాను. చెప్పి ఉన్నా ఆవిడ అడిగే తరువాతి ప్రశ్న నాకు తెలుసు. బియ్యం మన ఇంట్లోవే, ఉప్పు నౌపడ నుండి బండ్లమీద వచ్చేదే. మరి ఆ రాత్రి వార్చిన గంజి ఏమయింది? రోజూ పోయినట్టే కుడితి గోళెంలోకి, గేదెలకు పోయి ఉంటుంది.

ఇప్పటికీ మా వైపు, ఆ మాటకొస్తే పట్నాల్లోనూ, విరేచనాలైతే పిల్లవాడికి కడుపు మాడ్చాలనే ఇళ్ళున్నాయి. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. ఉప్పు అంతకు మించకూడదు. తల్లిపాలూ, అన్నమూ ఆపవద్దు. గోడ కట్టుకోవడానికి సరుకు అదే. నెత్తురు పడినా, పిల్లవాడు మగతగా ఉండి తాగలేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పేగు తన మరమ్మత్తు తాను చేసుకుంటుంది. మనం దాని నోరు కట్టకుండా ఉంటే చాలు.